పెత్తనం ఏ జీన్‌దో అడిగితే చెప్పే ప్యాకేజీ: ఆర్‌టీఎన్‌తో నా ఆరు నెలలు

ముందే చెప్పేస్తున్నా, ఇది మిక్సీ రివ్యూ కాదు, బిర్యానీ రివ్యూ అసలే కాదు. ఆర్‌టీఎన్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఉంది. ఆర్ భాషలో నడుస్తుంది, జీవశాస్త్ర డేటా ప్యాకేజీలన్నీ ఒకచోట ఉండే బయోకండక్టర్ నుంచి దించుకోవాలి. వేల జీన్లు ఒక్కోటి ఎంత పనిచేస్తున్నాయో చెప్పే డేటా దాని ముందు పోసి "వీటిలో పెత్తనం ఎవరిది?" అని అడిగితే ఒక జాబితా చేతిలో పెడుతుంది. రొమ్ము క్యాన్సర్ డేటా మీద ఆరు నెలలుగా దీన్నే వాడుతున్నా. దీని గురించి నాకు కనిపించినవన్నీ తయారుచేసినవాళ్లు రాసిన మాన్యువళ్లే, వాడి నిద్ర పోగొట్టుకున్నవాళ్ల మాట ఎక్కడా దొరకలేదు, అందుకే నేనే రాస్తున్నా. ఐదుకి నాలుగు ఇస్తా. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో చెప్తా కానీ మధ్యలో నా సొంత గోల కూడా ఉంటుంది, ఓపిక ఉంటేనే చదవండి.

నేను మొదట వెళ్లింది ఈ దారిలో కాదు. ఎమ్మెస్సీ బయోటెక్ అయ్యాక రెండేళ్లు డేటా ఎంట్రీ ఉద్యోగం చేసి, హైదరాబాద్‌లో పీహెచ్‌డీలో చేరా. కోడింగ్ రాదు. "రెండు రోజుల్లో క్యాన్సర్ జీన్ నెట్‌వర్క్‌లు నేర్పిస్తాం" అన్న ఒక ఆన్‌లైన్ వర్క్‌షాప్‌కి నాలుగున్నర వేలు కట్టా (పేరు చెప్పను, వాళ్ల పాపాన వాళ్లే పోతారు). వాళ్లు నేర్పిన దారి ఇది. జియో (జీఈఓ) అనే అమెరికా ప్రభుత్వ జీన్ డేటా ఖజానా నుంచి ఒక డేటాసెట్ దించు. మామూలు కణజాలంతో పోలిస్తే ట్యూమర్‌లో ఎక్కువతక్కువలైన జీన్లు ఏరు. ఆ పేర్లు ప్రొటీన్ల మధ్య సంబంధాలు చూపే స్ట్రింగ్ వెబ్‌సైట్‌లో అతికించు. వచ్చిన సాలెగూడుని నెట్‌వర్క్ బొమ్మలు గీసే సైటోస్కేప్‌లో తెరిచి, అందులో సైటోహబ్బా అనే తోడు ప్రోగ్రామ్ నొక్కి, ఎమ్‌సీసీ పద్ధతి ఎంచుకో. ఎక్కువ గీతలు తగిలిన పది జీన్లు ఎరుపు నుంచి పసుపు దాకా రంగుల్లో మెరుస్తూ వస్తాయి. ఇవే హబ్ జీన్లు, ఇవే కీలక రెగ్యులేటర్లు, పేపర్ రాసుకోండి అన్నారు.

వాళ్లిచ్చిన ప్రాక్టీస్ ఫైల్ ఎక్సెల్‌లో తెరిస్తే జీన్ పేర్ల కాలమ్‌లో "1-మార్చి", "2-సెప్టెంబర్" అని ఉన్నాయి. మార్చ్1, సెప్ట్2 అన్న జీన్లని ఎక్సెల్ తేదీలు అనుకుని మార్చేసింది. ఈ బాధ పడలేకే 2020లో జీన్లకి పేర్లు పెట్టే కమిటీవాళ్లు ఆ పేర్లే మార్చి మార్చ్‌ఎఫ్1, సెప్టిన్2 అని పెట్టారు. వర్క్‌షాప్ ఆయన్ని చాట్‌లో అడిగితే "ఇగ్నోర్ దట్ కాలమ్ మేడం" అన్నాడు. ఆ కాలమ్‌లోనే కదండీ జీన్ల పేర్లున్నాయి! సర్టిఫికెట్ మాత్రం టంచనుగా వచ్చింది, అందులో నా ఇంటిపేరు తప్పు.

సరే, ఆ దారిలోనే వెళ్లి పది జీన్ల టేబుల్ తయారుచేసి మా గైడ్ సార్ ముందు పెట్టా. సీడీకే1, సీసీఎన్‌బీ1, టాప్2ఏ, ఏయూఆర్‌కేఏ, సీడీసీ20, ఇలా ఉన్నాయి. సార్ కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితం దగ్గరగా పట్టుకుని చూశారు. "ఏమ్మా, ఈ పేర్లు పోయినేడు లివర్ క్యాన్సర్ చేసిన కుర్రాడి టేబుల్లోనూ ఉన్నాయి కదా?" అన్నారు. నేను నవ్వా, ఆయన నవ్వలేదు. "రొమ్ముకీ కాలేయానికీ పెత్తనం చేసేవాళ్లు ఒకరే అయితే మనకిన్ని డిపార్ట్‌మెంట్లు ఎందుకమ్మా" అని కాగితం తిరిగిచ్చేశారు.

ఆ రాత్రి ఒక్కో జీన్ ఏం చేస్తుందో చదువుతూ కూర్చుంటే విషయం అర్థమైంది. ఆ పదీ కణం రెండుగా చీలేటప్పుడు పనిచేసే యంత్రాంగం. చాలా ట్యూమర్లలో కణాలు మామూలు కణజాలం కన్నా ఎక్కువగా చీలుతుంటాయి కాబట్టి ఏ క్యాన్సర్ డేటా తెచ్చినా దాదాపు ఇవే పైకి తేలతాయి. పైగా ఇవన్నీ గుంపుగా పనిచేస్తాయి, ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి, అందుకే గీతలు ఎక్కువ. పెళ్లింట్లో అందరికన్నా ఎక్కువ తిరిగేది, ఎక్కువమందికి తగిలేది వడ్డన కుర్రాళ్లే. ప్రతి పంక్తిలో వాళ్లే, ప్రతి ఫొటోలో వాళ్ల మోచెయ్యే. అంతమాత్రాన పెళ్లి కుదిర్చింది వాళ్లంటామా? ఏ మూలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తల మాత్రం ఊపే మేనమామ ఒకాయన ఉంటాడు చూడండి, మనం వెతకాల్సింది ఆయన్ని. ఆయన ఎక్కువ కదలడు, ఎక్కువమందితో మాట్లాడడు, అందుకే హబ్ లెక్కల్లో ఆయన పేరు రాదు.

స్ట్రింగ్‌ని తిట్టడం లేదు, దాని పని అది బాగానే చేస్తుంది. ఏ ప్రొటీన్‌కి ఏ ప్రొటీన్‌తో సంబంధం ఉందో ప్రయోగాలు, డేటాబేసులు, కలిసి ఎక్స్‌ప్రెస్ కావడం లాంటి రకరకాల ఆధారాలతో స్కోరు ఇస్తుంది. ఆ ఆధారాల్లో టెక్స్ట్‌మైనింగ్ కూడా ఒకటి, అంటే పేపర్లలో రెండు పేర్లు పక్కపక్కన కనిపించినా లెక్కలోకి వస్తుంది. టీపీ53 లాంటి దాని మీద లోకమంతా పరిశోధన చేసింది కాబట్టి దానికి గీతలే గీతలు. పేరున్నవాడికే మళ్లీ పేరు. టెక్స్ట్‌మైనింగ్ టిక్ తీసేసి, స్కోరు హద్దు మామూలుగా ఉండే 0.4 నుంచి 0.7కి పెంచి చూడండి, మీ సాలెగూడు ఎంత పలచబడుతుందో. నాదైతే సగం పైన ఎగిరిపోయింది. అసలు గొడవ ఏంటంటే నేను వాడిన ఆ మామూలు నెట్‌వర్క్‌లో గీతలకి బాణం లేదు. ఎవరు ఎవరికి చెప్తున్నారో అది చెప్పదు, చెప్తానని అనలేదు కూడా, మనమే అలా చదువుకుంటున్నాం.

ఆర్‌టీఎన్ ప్రశ్ననే మార్చి అడుగుతుంది. "ఎవరికి ఎక్కువ గీతలున్నాయి" అని కాదు, "ఎవరి కింద పనిచేసేవాళ్లలో తేడా వచ్చింది" అని. జీన్లలో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అని ఒక వర్గం ఉంది, మనిషిలో 1,600 పైచిలుకు. మిగతా జీన్లని ఆన్ చేయడం, ఆఫ్ చేయడం వీటి పని. ఒక్కో ఫ్యాక్టర్‌కీ దాని మాట వినే జీన్ల గుంపు ఉంటుంది, దాన్ని రెగ్యులాన్ అంటారు. ఆర్‌టీఎన్ ముందు మీ డేటా నుంచి ఈ గుంపులు కడుతుంది. తర్వాత మీకు కావాల్సిన జీన్ల జాబితా, అంటే మందు వేశాక మారినవో, రెండు రకాల ట్యూమర్ల మధ్య తేడా పడినవో, ఏ గుంపులో మరీ ఎక్కువగా పోగుపడ్డాయో చూస్తుంది. మేనమామ కదలకపోయినా పర్వాలేదు, ఆయన మనుషులంతా ఒక్కసారి లేచారంటే ఆయన సైగ చేసినట్టే.

ఇది ఎక్కడ పుట్టిందో తెలిస్తే దీని స్వభావం తెలుస్తుంది. 2007లో వేలమంది డీఎన్‌ఏ పోల్చి చూసిన పరిశోధనల్లో రొమ్ము క్యాన్సర్ ముప్పుతో గట్టిగా ముడిపడిన చోటు ఒకటి ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 జీన్‌లో తేలింది. చిక్కేంటంటే ఆ తేడాలు ప్రొటీన్‌ని తయారుచేసే భాగంలో లేవు, ఇంట్రాన్‌లో ఉన్నాయి, అంటే ప్రొటీన్ అక్షరం ఒక్కటీ మారదు. మరి ముప్పు ఎలా వస్తోంది? కేంబ్రిడ్జ్‌లో ఒక బృందం ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 సిగ్నల్‌ని తట్టి లేపి, అప్పుడు మారిన జీన్ల జాబితా తీసుకుంది. ఆ జాబితాని నెట్‌వర్క్‌కి ఇచ్చి, ఎవరి మనుషులు లేచారో చూసుకోమంది. 2013లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన ఆ పేపర్‌లో ఐదు పేర్లు తేలాయి: ఎస్‌పీడీఈఎఫ్, ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఆల్ఫా, ఫాక్స్‌ఏ1, గాటా3, పీటీటీజీ1. ఆ పని కోసం రాసుకున్న కోడే ఆర్‌టీఎన్. అంటే ఇది అన్ని క్యాన్సర్లకీ అని అంగట్లో పెట్టిన సరుకు కాదు, రొమ్ము క్యాన్సర్ ప్రశ్న ఒకటి తేల్చుకోవడానికి ఇంట్లో చేసుకుని, బాగుందని పదిమందికీ పంచింది. ఆ తేడా వాడేటప్పుడు తెలుస్తుంది, మంచికీ చెడుకీ.

గుంపులు ఎలా కడుతుందో కూడా చెప్పాలి, లేకపోతే నా రాత్రులు ఎక్కడికి పోయాయో మీకు తెలియదు. ఒక ఫ్యాక్టర్ స్థాయి తెలిస్తే ఇంకో జీన్ స్థాయిని ఎంతవరకు ఊహించొచ్చు అన్నది ప్రతి జంటకీ లెక్కేస్తుంది, దీన్ని మ్యూచువల్ ఇన్ఫర్మేషన్ అంటారు. వెయ్యికి పైగా ఫ్యాక్టర్లు, ఇరవై వేల దాకా జీన్లు, గుణించుకోండి. వచ్చిన సంబంధం నిజమా కాకతాళీయమా తేల్చడానికి డేటాని వెయ్యిసార్లు కలగాపులగం చేసి మళ్లీ మళ్లీ లెక్కేస్తుంది. అది అయ్యాక శాంపిళ్లని వందసార్లు కొత్తగా ఏరి, నిలబడిన గీతల్నే ఉంచుతుంది. ఆఖర్న నాకు బాగా నచ్చిన మెట్టు, డీపీఐ ఫిల్టర్. ముగ్గురి మధ్య మూడు గీతలుంటే అన్నిటికన్నా బలహీనమైన దాన్ని కొట్టేస్తుంది. ఊళ్లో మాట పాకడం లాంటిదే: సుబ్బమ్మ చెప్తే రమణమ్మ విన్నది, రమణమ్మ చెప్తే కాంతమ్మ విన్నది. సుబ్బమ్మకీ కాంతమ్మకీ ఒకే మాట తెలుసు, కానీ వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకోలేదు. కాబట్టి ఆ గీత తీసేయ్. కొలంబియా యూనివర్సిటీ వాళ్ల అరాక్నే అనే పద్ధతి నుంచి తీసుకున్న ఉపాయం ఇది, 2006 నాటిది.

ఇక వాడకం. ఇన్‌స్టాల్ చేయడం సులువే, కానీ బయోకండక్టర్ ఏడాదికి రెండుసార్లు కొత్త విడుదల ఇస్తుంది, ఒక్కో విడుదలకీ ఒక్కో ఆర్ వెర్షన్ ముడి. నా దగ్గర పాత ఆర్ ఉంది, దాన్ని మార్చితే నా పాత కోడ్ సగం పడుకుంది, ఒక శనివారం గోవింద. ఇది ఆర్‌టీఎన్ తప్పు కాదు, అయినా మీ శనివారం కూడా పోతుంది కాబట్టి చెప్తున్నా.

ప్యాకేజీతో వచ్చే ట్యుటోరియల్ చూసి మోసపోకండి. అందులో ఉదాహరణకి ఇచ్చిన డేటా చిన్నది, కాఫీ తాగేలోపు అన్ని మెట్లూ అయిపోతాయి. అది చూసి "ఓస్ ఇంతేనా" అనుకుని మెటాబ్రిక్ డేటా పెట్టా. మెటాబ్రిక్ అంటే బ్రిటన్, కెనడా టిష్యూ బ్యాంకుల నుంచి సేకరించిన దాదాపు 2,000 రొమ్ము ట్యూమర్ల డేటా, 2012లో నేచర్‌లో వచ్చింది. మొదటి సెట్ 997, సరిచూసుకోవడానికి రెండో సెట్ 995. నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ. రాత్రి తొమ్మిదింటికి పర్మ్యుటేషన్, అంటే ఆ కలగాపులగం మెట్టు, మొదలుపెట్టా. ప్రోగ్రెస్ బార్ వచ్చింది, ఒక్కో శాతం కదలడానికి చూస్తూ చూస్తూ కునుకు పట్టింది. ఫ్యాన్ చప్పుడుకి మా అమ్మ లేచి వచ్చి "ఏంటే ఆ రొద, గ్రైండర్ గానీ ఆన్‌లో ఉందా?" అంది. తెల్లారి 61 శాతం దగ్గర ఉంది. ఎనిమిదింటికి కరెంటు పోయింది, బ్యాటరీ ముసలిది, అంతే సంగతులు. ప్రోగ్రెస్ బార్ అయితే ఇస్తుంది కానీ ఆగిన చోట నుంచి మళ్లీ మొదలుపెట్టడం లేదు. నేను కోసిన మార్కులో సగం ఇక్కడే పోయింది.

రెండోసారి బుద్ధి తెచ్చుకున్నా. స్నో అనే ఇంకో ప్యాకేజీతో పనిని నాలుగు కోర్లకి పంచొచ్చు అని మాన్యువల్‌లో ఉంది. ఉంది కదా అని పంచితే ర్యామ్ నిండిపోయి ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది, ఎందుకంటే ప్రతి కోరుకీ డేటా ఒక కాపీ వెళ్తుంది. చివరికి ల్యాబ్‌లో సీనియర్ అక్కని బతిమాలి, ఆవిడ డెస్క్‌టాప్ మీద శుక్రవారం సాయంత్రం పెట్టి సోమవారం తీసుకున్నా. "నా మెషీన్‌లో ఏం వండుతున్నావే?" అని అడిగింది, ఒక ఫిల్టర్ కాఫీతో సరిపోయింది. ఒక మెట్టు అవగానే ఫలితాన్ని సేవ్ చేసుకోండి, అన్నీ ఒకే స్క్రిప్ట్‌లో పెట్టి నిద్రపోకండి, ఇదొక్కటి వింటే చాలు.

అసలు చెప్పాలంటే ఇంత కష్టం అక్కర్లేదని నాకు తర్వాత తెలిసింది. ఆ 2013 పేపర్ వాళ్లు మెటాబ్రిక్ మీద కట్టిన నెట్‌వర్క్‌నే ఫ్లెచర్2013బి అనే డేటా ప్యాకేజీగా బయోకండక్టర్‌లో పెట్టేశారు. దించుకో, తెరువు, నీ జాబితా ఇచ్చుకో. తయారైన దోశ పిండి అమ్ముతుంటే నేను పప్పు నానబెట్టి రుబ్బా అన్నమాట. అయితే రుబ్బినందుకు పిండి సంగతి తెలిసింది, అది వేరే విషయం.

ఇప్పుడు ఫలితం. నేనడిగింది తేలిక ప్రశ్న: 50 జీన్లు చూసి రొమ్ము ట్యూమర్లని రకాలుగా విడదీసే పామ్50 వర్గీకరణలో ల్యూమినల్ ఎ ట్యూమర్లకీ (సాధారణంగా ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉండేవి) బేసల్ రకానికీ (సాధారణంగా అది లేనివి) మధ్య తేడా పడిన జీన్ల వెనక ఎవరున్నారు? పైన వచ్చినవాళ్లు ఈఎస్‌ఆర్1, ఫాక్స్‌ఏ1, గాటా3. కొత్తేమీ కాదు, ఇవి రావాల్సినవే, రాకపోతేనే నా కోడ్ తప్పు. ఈఎస్‌ఆర్1 అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్ జీన్, టామోక్సిఫెన్ మాత్ర పనిచేసేది సరిగ్గా దాని ప్రొటీన్ మీదే. ఫాక్స్‌ఏ1 మూసుకుపోయిన క్రోమాటిన్‌ని, అంటే ప్రొటీన్లతో చుట్టుకున్న డీఎన్‌ఏ పోగుని, ముందుగా తెరిచి దారి ఇస్తే ఆ రిసెప్టర్ వెళ్లి డీఎన్‌ఏ మీద కూర్చుంటుంది. గాటా3 సంగతి ఇంకా బాగుంటుంది. 2012లో టీసీజీఏ అనే అమెరికా క్యాన్సర్ జీనోమ్ ప్రాజెక్ట్‌వాళ్లు రొమ్ము క్యాన్సర్లలో మ్యుటేషన్లు లెక్కేస్తే మొత్తం ట్యూమర్లలో 10 శాతానికి మించి కనిపించిన జీన్లు మూడే మూడు: టీపీ53, పీఐకే3సీఏ, గాటా3. వాళ్లు వెతికింది డీఎన్‌ఏలో అక్షరదోషాలు, నేను చూసింది ఎక్స్‌ప్రెషన్ లెక్కలు. దారులు వేరు, వచ్చి తట్టింది ఒకే తలుపు. సోమవారం పొద్దున ఆ పేరు స్క్రీన్ మీద చూసినప్పుడు, ఎవరో ఎప్పుడో కనిపెట్టిందే అని తెలిసినా, కుర్చీలోంచి లేచి కారిడార్‌లో ఒక చుట్టు తిరిగొచ్చా.

నన్ను నిజంగా ఆపింది అవతలి పక్షం. ఆర్‌టీఎన్ ప్రతి గుంపునీ రెండుగా విడదీస్తుంది, ఫ్యాక్టర్ పెరిగితే పెరిగేవి ఒకవైపు, తగ్గేవి ఇంకోవైపు. దాంతో ఏ ఇద్దరు ఫ్యాక్టర్లు ఒకే పక్షమో, ఎవరు ఎదురెదురో తెలుస్తుంది. ఎన్‌ఎఫ్‌ఐబీ, వైబీఎక్స్1 అనేవి ఈఎస్‌ఆర్1కి సూటిగా ఎదురు నిలబడ్డాయి. ఇదేదో నేనే కనిపెట్టేశా అనుకుని ఒక పూట ఆనందపడి, వెతికితే 2016లో నేచర్ జెనెటిక్స్‌లో ఆ కేంబ్రిడ్జ్ బృందమే రాసేసింది: రొమ్ము క్యాన్సర్ ముప్పుతో ముడిపడిన 36 రెగ్యులాన్లు, వాటిని నడిపే ఫ్యాక్టర్లు రెండు ఎదురు వర్గాలు, ఒకటి ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉన్న ల్యూమినల్ వైపు, ఇంకోటి బేసల్ వైపు. 2018లో వాళ్లే ల్యాబ్‌లో చేసి చూపించారు, ఎన్‌ఎఫ్‌ఐబీ, వైబీఎక్స్1 రెండూ వెళ్లి ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌కి అతుక్కుని దాని జోరు తగ్గిస్తాయని. కంప్యూటర్ గీసిన గీత చివరికి గాజుపాత్రలో తేలింది. హబ్ జీన్ టేబుళ్లలో ఇలాంటి ముగింపు ఉన్న పేపర్ నా కంట పడలేదు, మీకు తెలిస్తే కామెంట్లో పెట్టండి, నిజంగానే చదువుతా.

ఇప్పుడు చెడ్డ మాటలు. ఆర్‌టీఎన్‌కి ఇచ్చేది ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ల జాబితా కాబట్టి వచ్చేవీ అవే. హెచ్‌ఈఆర్2 పాజిటివ్ క్యాన్సర్ ఉంది చూడండి, అందులో అసలు దోషి ఈఆర్‌బీబీ2 (హెచ్‌ఈఆర్2కి జీన్ పేరు ఇదే), అది ఫ్యాక్టర్ కాదు, కణం పైపొర మీద ఉండే రిసెప్టర్. జాబితాలో దాని పేరు రాదు. రాకపోతే రాకపోయింది, దాని బదులు ఒక దొంగ వస్తాడు. నాకు ఐకేజడ్‌ఎఫ్3 అనే ఫ్యాక్టర్ ఈఆర్‌బీబీ2ని నడుపుతున్నట్టు ఒక గీత కనిపించింది. అబ్బో అనుకున్నా. తీరా జీనోమ్ బ్రౌజర్ తెరిచి చూస్తే 17వ క్రోమోజోమ్ మీద ఈఆర్‌బీబీ2, ఎంఐఈఎన్1, జీఆర్‌బీ7, ఐకేజడ్‌ఎఫ్3 వరసగా ఒకే వీధిలో ఉన్నాయి. ఆ ముక్క మొత్తం ట్యూమర్‌లో కాపీల మీద కాపీలు పడితే అన్నీ కలిసే పెరుగుతాయి. ఇరుగుపొరుగు ఇళ్లకి ఒకే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి హై వోల్టేజ్ వచ్చినట్టు, ఒకరు ఇంకొకరికి స్విచ్ వేసినట్టు కాదు. ప్యాకేజీకి ఈ వీధి చిరునామాలు తెలియవు. మీరే చూసుకోవాలి, కాపీ నంబర్ డేటా పక్కన పెట్టుకుని.

ఇంకోటి, ట్యూమర్ ముక్క అంటే ఉత్త క్యాన్సర్ కణాలే అనుకోకండి. అందులో కొవ్వు ఉంటుంది, రక్తనాళాలు ఉంటాయి, పోరాడటానికి వచ్చిన తెల్లరక్తకణాలు ఉంటాయి, అన్నీ కలిపి రుబ్బి కొలిచిందే మన డేటా. ఒక ట్యూమర్‌లో లింఫోసైట్లు ఎక్కువుంటే లింఫోసైట్ల ఫ్యాక్టర్లన్నీ పైకి లేస్తాయి, వాటి గుంపులు దివ్యంగా కట్టుకుంటాయి, మీరు "క్యాన్సర్ రెగ్యులేటర్ దొరికింది" అని గంతేస్తారు. పైన చెప్పిన ఐకేజడ్‌ఎఫ్3 కూడా బి కణాల్లో బాగా పనిచేసేదే, అంటే రెండు రకాలుగా మోసం చేయగలదు. శాంపిళ్లు వందకి తక్కువుంటే ఈ పద్ధతి జోలికే వెళ్లకండి, ముప్పై శాంపిళ్లతో కట్టిన నెట్‌వర్క్ వానలో కట్టిన ఇసుక పిచ్చుకగూడే.

పక్కన డబ్ల్యూజీసీఎన్‌ఏ అనే ఇంకో ఆర్ ప్యాకేజీ కూడా వాడా, అన్యాయం చేయకూడదు కాబట్టి రెండు ముక్కలు. 2008 నుంచి ఉంది, కలిసి ఎక్కేదిగే జీన్లని గుంపులు కట్టి గుంపులకి రంగుల పేర్లు పెడుతుంది. అన్నిటికన్నా పెద్ద గుంపు టర్కాయిస్, ఎక్కడా ఇమడనివన్నీ గ్రే. సార్‌తో "టర్కాయిస్‌లో ఏం రాలేదు సార్, బ్రౌన్ బాగుంది" అని మాట్లాడుతుంటే బయటివాళ్లకి చీరల షాపులో ఉన్నట్టుంటుంది. త్వరగా అవుతుంది, 8 జీబీలో నడిచింది, డేటా ఎలా ఉందో మొదటిసారి చూసుకోవడానికి దీన్ని మించింది లేదు. కానీ ఇందులోనూ బాణాలు లేవు. గుంపులో నడిమధ్య ఉన్న జీన్‌ని నాయకుడు అనుకుంటే మళ్లీ వడ్డన కుర్రాడి దగ్గరికే వచ్చాం.

ఆర్‌టీఎన్ ఇచ్చే బాణం కూడా లెక్కల బాణమే, అది మర్చిపోతే కష్టం. ఒక వైపు ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ ఉంది కాబట్టి బాణం అటు నుంచి ఇటు అని అది అనుకుంటుంది. నిజమో కాదో తేలాలంటే ఆ ఫ్యాక్టర్ డీఎన్‌ఏ మీద ఎక్కడ కూర్చుంటోందో చిప్-సీక్ అనే ల్యాబ్ ప్రయోగంతో చూడాలి, దాన్ని నొక్కేస్తే మిగతావి పడతాయో లేదో కణాల్లో చూడాలి. కోసిన మార్కులో మిగతా సగం దీనికి కాదు, ఫలితాల టేబుల్‌కి. పీ విలువలు (కాకతాళీయంగా రావడానికి ఎంత అవకాశమో చెప్పేవి), ఒకేసారి చాలా పరీక్షలు చేసినందుకు వాటికి సవరణలు, ఎంతమంది తగిలారు, ఎంతమంది తగలాల్సింది, అన్నీ వరసగా ఉంటాయి, కానీ "ఈ రెండు ఫ్యాక్టర్ల గుంపులు సగానికి సగం ఒకటే, జాగ్రత్త" అని ఆ టేబుల్ చెప్పదు. ఫాక్స్‌ఏ1, ఈఎస్‌ఆర్1 గుంపులు ఎంత కలిసిపోతాయో నేను విడిగా లెక్కేసుకున్నాకే తెలిసింది. దానికీ ఇంకో విశ్లేషణ ఉందట ప్యాకేజీలోనే, మాన్యువల్‌లో కింద ఎక్కడో ఉంది, నేను వేరేగా కోడ్ రాసుకున్న నెల తర్వాత కనిపించింది.

ఎవరు వాడాలంటారా? చేతిలో పెద్ద డేటా ఉండి, ఆర్ కొంచెం వచ్చి, ఒక వారం ఆగగలిగినవాళ్లు కళ్లు మూసుకుని వాడండి. వచ్చే నెల కాన్ఫరెన్స్‌కి పోస్టర్ కావాలి, రంగుల బొమ్మ ఉంటే చాలు అనుకునేవాళ్లు సైటోస్కేప్ దగ్గరే ఉండండి, దాని బొమ్మలు వీటికన్నా అందంగా ఉంటాయి. పేషెంట్ల బంధువులు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట, ఇది పరిశోధనకి పనిముట్టు, దీనిలో వచ్చిన పేరు పట్టుకుని డాక్టర్‌ని మందు అడిగే పని పెట్టుకోకండి.

ప్రస్తుతం నా దగ్గర ఆగిపోయిన ప్రశ్న ఒకటుంది. మన దేశంలో ఆడవాళ్లకి వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సరే ముందుంది, పైగా ట్రిపుల్ నెగటివ్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్, ప్రొజెస్టరాన్ రిసెప్టర్, హెచ్‌ఈఆర్2 మూడూ నెగటివ్‌గా వచ్చే రకం) వాటా పాశ్చాత్య దేశాల్లో కన్నా ఎక్కువ. నేను వాడుతున్న నెట్‌వర్క్ మాత్రం బ్రిటన్, కెనడా ట్యూమర్ల మీద కట్టింది. ఇవే గుంపులు ఇక్కడి శాంపిళ్లలో నిలబడతాయా? సార్ ఇద్దరు ముగ్గురు డాక్టర్లతో మాట్లాడుతున్నారు, ఎథిక్స్ కమిటీకి కాగితాలు వెళ్లాయి. "వంద శాంపిళ్లు దాటాకే మొదలుపెడదామమ్మా, ఈలోపు కొత్త బ్యాటరీ కొనుక్కో" అన్నారు. బ్యాటరీ కొన్నా. శాంపిళ్లు 14 వచ్చాయి.